హెడ్ మైక్ ఎలా ఎంచుకోవాలి: హరికథ, పద్యం, ప్రవచనం, పాఠం, పాట కోసం

హెడ్ మైక్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది కంపెనీ పేరు. దాని సంగతి చివర్లో చూద్దాం. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి నాలుగున్నాయి, అవీ ఈ వరసలోనే. అది మీ ముఖం మీద కదలకుండా కూర్చుంటుందా? మీ చుట్టూ ఉన్న మోతలో అది ఎటువైపు వినాలి? మీ దగ్గరున్న బాడీప్యాక్‌కి (నడుముకి కట్టుకునే వైర్‌లెస్ పెట్టె) దాని పిన్ సరిపోతుందా? మీరు గొంతు పూర్తిగా విప్పినప్పుడు అది తట్టుకుంటుందా? ఈ నాలుగూ కుదిరితే పది వేల మైక్ కూడా హాయిగా పనిచేస్తుంది. మొదటిది కుదరకపోతే మాత్రం లక్ష పెట్టి కొన్నా ప్రోగ్రాం అయ్యేదాకా సౌండ్ ఆపరేటర్ ఫేడర్ (మిక్సర్ మీద శబ్దం పెంచి తగ్గించే మీట) మీంచి చెయ్యి తియ్యలేడు.

ఇందులో ఎక్కువగా మన స్టేజీలనే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను: హరికథ, బుర్రకథ, పద్య నాటకం, కూచిపూడి, ప్రవచనం, చర్చిలో వాక్యం చెప్పడం, కోచింగ్ సెంటర్లో పాఠం. లైట్ మ్యూజిక్ పాడేవాళ్లకీ జుంబా క్లాసులు చెప్పేవాళ్లకీ కూడా ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి.

అసలు మీకు హెడ్ మైక్ అవసరమా?

పీఠం మీద కూర్చుని రెండు గంటలు కదలకుండా ప్రవచనం చెప్పేవాళ్లకి ఎదురుగా బల్ల మీద మంచి, మెడ వంగే గూస్‌నెక్ మైకో, స్టాండ్ మైకో పెడితే చాలు. ముఖం మీద ఏమీ ఉండదు, బ్యాటరీ టెన్షన్ ఉండదు. సోఫాలో కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లకి కాలర్ మైక్ సరిపోతుంది. స్టేజీ మీద నిలబడి పాడేవాళ్లలో మైక్‌ని దగ్గరికీ దూరానికీ జరుపుతూ పాడటం అలవాటైనవాళ్లు చేతి మైక్‌తోనే ఉండటం మేలు, ఎందుకంటే వాళ్ల పాటలో సగం పనితనం ఆ చేతిలోనే ఉంటుంది. హెడ్ మైక్ పెట్టగానే అది పోతుంది.

హెడ్ మైక్ తప్పనిసరి అయ్యేది చేతులు ఖాళీగా లేనప్పుడు, తల ఒకచోట నిలవనప్పుడు. హరిదాసు చేతిలో చిడతలు, కాళ్లకి గజ్జెలు, కథలో ఒకసారి ఇటు తిరిగి రాముడు, ఇంకోసారి అటు తిరిగి రావణుడు. బుర్రకథ కథకుడికి భుజాన తంబురా, చేతికి అందెలు. కూచిపూడిలో వాచికం నర్తకి నోటితోనే చెప్పించాలనుకుంటే ఇంక వేరే దారే లేదు. బోర్డు వైపు తిరిగి లెక్క రాస్తూ వెనక బెంచీకి వినిపించాల్సిన మాస్టారిదీ అదే పరిస్థితి. 1979లో బ్రిటిష్ గాయని కేట్ బుష్ తన టూర్‌లో నాట్యం చేస్తూ పాడటం కోసం బట్టల హ్యాంగర్ తీగని వంచి చేసిన చట్రానికి చిన్న వైర్‌లెస్ మైక్ తగిలించుకుని స్టేజీ ఎక్కింది. అవసరం అక్కడా ఇదే.

దూరం లెక్క ఒకటి గుర్తుంచుకోండి. నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగం అయితే మైక్‌కి అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కాలర్ మైక్ నోటికి 20 సెంటీమీటర్ల కింద ఉంటే హెడ్ మైక్ రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అంటే దూరం మూడుసార్లు సగమైంది, లెక్క ప్రకారం 18 డెసిబెల్స్ లాభం. ఆ మేరకు మిక్సర్‌లో గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించుకోవచ్చు, ఆ మేరకు కూత (స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి దూరి కీచుమనడం) తగ్గుతుంది, పక్కనున్న హార్మోనియం మైక్‌లోకి తక్కువగా వస్తుంది. పైగా తల ఎటు తిప్పినా ఈ దూరం మారదు. హెడ్ మైక్ విలువంతా ఇక్కడే ఉంది, అందుకే కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఈ దూరాన్ని కాపాడుకోవడం గురించే మళ్లీ మళ్లీ మాట్లాడతాను.

మొదటి అడుగు: ముఖం మీద ఎలా కూర్చుంటుందో చూడండి

దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒక చెవికి మాత్రమే తగిలించేది, దీన్ని ఇయర్‌సెట్ అంటారు. రెండు చెవులకీ తగిలి మెడ వెనక నుంచి తీగ తిరిగేది ఇంకోటి. ఒక చెవిది తేలిగ్గా ఉంటుంది, దూరానికి కనబడదు, కానీ గెంతితే ఊగుతుంది. మాటలకి, పాఠాలకి, ఒకచోట నిలబడి పాడటానికి అది చాలు, అది కూడా చెంప మీద చిన్న టేపు ముక్క వేస్తేనే. హరికథకి, బుర్రకథకి, నాట్యానికి, ఎక్సర్‌సైజ్ క్లాసులకి రెండు చెవులదే తీసుకోండి. ఈ విషయంలో అందం కోసం రాజీపడితే స్టేజీ మీద పశ్చాత్తాపపడాల్సి వస్తుంది.

కొనేముందు పెట్టుకుని చూడనిచ్చే షాపులోనే కొనండి, లేదా వెనక్కి తీసుకునే చోట కొనండి. పెట్టుకుని తల గట్టిగా అటూ ఇటూ తిప్పండి, వంగి నేలని తాకి లేవండి, నాలుగు గెంతులు గెంతండి, నోరు పూర్తిగా తెరిచి ‘ఆ’ అని రాగం తీయండి. దవడ కదిలినప్పుడు బూమ్ (చెవి నుంచి నోటి దాకా వచ్చే సన్నటి కడ్డీ) కూడా కదులుతోందంటే చెవి దగ్గర చట్రం వదులుగా ఉన్నట్టు. చాలావాటిలో తీగని వంచి చెవికి తగ్గట్టు బిగించుకోవచ్చు, బూమ్ పొడవు కూడా జరుపుకోవచ్చు. ఈ రెండు సర్దుబాట్లూ లేని మోడల్ ఎంత చవకగా వచ్చినా వద్దు, ఎందుకంటే అందరి ముఖాలూ ఒక్క కొలతలో ఉండవు, పైగా మన ట్రూపుల్లో ఒకే మైక్ నలుగురు వాడతారు.

కళ్లద్దాలుంటే పెట్టుకునే చూడండి. చెవి మీద అద్దాల కొమ్మ, మైక్ తీగ రెండూ పోటీపడతాయి. ముందు మైక్, దాని మీద అద్దాలు పెట్టుకుంటే సాధారణంగా సర్దుకుంటుంది.

నగల సంగతి ఆడవాళ్లకి చాలా ముఖ్యం. బుట్టలు, చెవి నుంచి జడలోకి వెళ్లే మాటీలు, చెంపస్వరాలు అన్నీ మైక్ తీగకి తగిలి టకటకమంటాయి, ఆ చప్పుడు హాలంతా వినిపిస్తుంది. కూచిపూడి నగలతో హెడ్ మైక్ వాడాలంటే రిహార్సల్‌లోనే పూర్తి నగలతో పరీక్షించాలి, మాటీని దారంతో జడకి కట్టేయాలి, మైక్ కేబుల్‌ని చెవి వెనక నుంచి జుట్టులోకి పంపి మెడ వెనక టేపు వేయాలి. ఇంత చేసినా చప్పుడు వస్తుంటే మైక్ ఉన్న వైపు బుట్టకి అదే సైజులో తేలికైన నకలు నగ వాడటమే మిగిలింది.

పౌరాణిక నాటకం వేసేవాళ్లకి ఇంకో చిక్కు. పెట్టుడు మీసం, గడ్డం, విగ్గు, వాటి మీద కిరీటం. మైక్ తల గడ్డం వెంట్రుకలకి తగిలితే గరగరమని నిప్పు రాజుకుంటున్నట్టు వినిపిస్తుంది. మైక్ ముందు పెట్టుకుని విగ్గు తర్వాత పెట్టుకోండి, మెడ వెనక తీగ విగ్గులో దాక్కుంటుంది, బూమ్ గడ్డానికి అర సెంటీమీటరు పైకి లేచి ఉండాలి. భీముడికో దుర్యోధనుడికో గడ్డం మరీ గుబురుగా ఉంటే హెడ్ మైక్ ఆలోచన మానేసి చిన్న కాలర్ మైక్‌ని కిరీటం అంచున, నుదుటి మీద జుట్టు మొదలయ్యేచోట బిగించండి. పెద్ద నాటక సంస్థలు విదేశాల్లో చేసేది కూడా ఇదే. నోటికి దూరం పెరిగినా నుదుటికీ నోటికీ మధ్య కొలత మారదు కాబట్టి మట్టం నిలకడగానే వస్తుంది.

రెండో అడుగు: అది ఎటువైపు వినాలో తేల్చుకోండి

మైకుల్లో అన్ని వైపులా ఒకేలా వినేవి ఓమ్నీ, ముందు వైపే ఎక్కువగా వినేవి కార్డియాయిడ్. కార్డియాయిడ్ పక్క నుంచి, అంటే 90 డిగ్రీల నుంచి వచ్చే శబ్దాన్ని 6 డెసిబెల్స్ తగ్గించి వింటుంది, సరిగ్గా వెనక నుంచి వచ్చేదాన్ని దాదాపు వినదు. ఇది చదివి ‘అయితే కార్డియాయిడే మంచిది’ అనిపించడం సహజం. కానీ ముఖం మీద కథ వేరు.

ఓమ్నీ మైక్ కాస్త అటూ ఇటూ జరిగినా గొంతు స్వభావం మారదు. గాలి, ఊపిరి దెబ్బ దానికి తక్కువ తగులుతుంది. దగ్గరికి వెళితే బేస్ ఉబ్బిపోయే గుణం దానికి లేదు. కార్డియాయిడ్‌కి ఈ మూడూ సమస్యలే. అది నోటి వైపే సూటిగా చూస్తుండాలి, బూమ్ కొంచెం మెలితిరిగినా గొంతు పల్చబడుతుంది. ‘ప’, ‘భ’ పలికినప్పుడు దుబ్బుమంటుంది. దాని వెనక ఉండే చిన్న రంధ్రాల వల్లే దానికి దిశ తెలుస్తుంది, తెలియక ఎవరైనా వాటి మీద టేపు చుట్టేస్తే అది ఓమ్నీలా తయారవుతుంది, అది కూడా నాసిరకం ఓమ్నీ.

కాబట్టి నా సలహా సూటిగా చెప్తాను. మీ ముందు ఫ్లోర్ మానిటర్లు (మీ గొంతు మీకు వినిపించడానికి నేల మీద పెట్టే స్పీకర్లు) లేకుండా, స్పీకర్ బాక్సులు మీకంటే ముందు వరసలో జనం వైపు తిరిగి ఉండి, పక్కన పెద్ద మోత చేసే వాయిద్యాలు కూడా లేకపోతే ఓమ్నీ తీసుకోండి. క్లాస్‌రూమ్, సభ, చర్చి, ఆడిటోరియంలో నాటకం, మృదంగం కాస్త దూరంగా కూర్చునే హరికథ, వీటన్నిటికీ ఓమ్నీ హాయి.

బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా డక్కీలు మోగుతుంటాయి, అదీ అడుగు దూరంలో. లైట్ మ్యూజిక్‌లో వెనక డ్రమ్స్, ముందు మానిటర్. ఊరి జాతరలో కట్టిన స్టేజీకి స్పీకర్లు ఎక్కడ స్థలముంటే అక్కడ, ఒక్కోసారి కళాకారుడి వెనకే పెట్టేస్తారు. ఇలాంటి చోట కార్డియాయిడ్ తప్పదు. అప్పుడు మైక్ చెంప మీద నుంచి నోటి వైపు చూస్తోంది కాబట్టి దాని వీపు బయటికి, అంటే మైక్ ఉన్న చెంప వైపుకి తిరిగి ఉంటుంది. మానిటర్‌ని కూడా ఆ వైపుకే జరిపించండి. కుడి చెంప మీద మైక్ ఉంటే మానిటర్ కుడి పక్కకి. చాలా తేలికైన పని, తేడా మాత్రం చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

స్పీకర్లు వెనక ఉన్నప్పుడు ఎంత ఖరీదైన మైకైనా ఒక హద్దు దాటి సాయం చేయలేదు. మైక్ సెట్ వాళ్లని బతిమాలైనా సరే, బాక్సుల్ని స్టేజీ అంచుకి ముందుకి జరిపించండి. డబ్బు ఖర్చు లేకుండా కూత బాగా తగ్గించే మార్గం ఇది.

మూడో అడుగు: పిన్ చూసుకోండి

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేదీ ఇక్కడే. నడుముకి కట్టుకునే బాడీప్యాక్ ఏ కంపెనీదో దాన్నిబట్టే హెడ్ మైక్ పిన్ ఉండాలి. షూర్ బాడీప్యాకులకి ఎక్కువగా నాలుగు పిన్నుల మినీ ఎక్స్‌ఎల్‌ఆర్ అనే చిన్న గుండ్రటి కనెక్టర్. సెన్‌హైజర్ ఎవల్యూషన్ సెట్లకి మర తిప్పి బిగించే 3.5 మిల్లీమీటర్ల జాక్. ఏకేజీకి మూడు పిన్నుల మినీ ఎక్స్‌ఎల్‌ఆర్. ఆడియో టెక్నికాకి దాని సొంత నాలుగు పిన్నుల స్క్రూ కనెక్టర్. డీపీఏ వాళ్లు మైక్రోడాట్ అనే చిన్న కనెక్టర్ పెట్టి, ఏ బాడీప్యాక్‌కి కావాలంటే దానికి అడాప్టర్ విడిగా అమ్ముతారు. సెట్టు మారినా మైక్ మార్చక్కర్లేదు కాబట్టి ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లకి ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

పిన్ ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపల వైరింగ్ ఒకటే అని కాదు. చిన్న హెడ్ మైకులన్నీ దాదాపు ఎలెక్ట్రెట్ కండెన్సర్ రకం, వాటికి బాడీప్యాక్ నుంచి కొద్దిపాటి వోల్టేజి అందాలి. ఆ వోల్టేజి ఏ పిన్నులో వస్తుంది, ఎంత వస్తుంది అన్నది ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మూడు పిన్నులవి రెండు తెచ్చి గుచ్చితే ఒకటి పలకదు, లేదా సన్నగా గరగరలాడుతుంది. ఫోన్‌కి పెట్టే 3.5 జాక్, సెన్‌హైజర్ 3.5 జాక్ చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా వైరింగ్ వేరు. ఆన్‌లైన్‌లో కొంటుంటే మీ బాడీప్యాక్ మోడల్ పేరు రాసి, దానికి పనిచేస్తుందా అని అడిగి, జవాబు వచ్చాకే ఆర్డర్ పెట్టండి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే అహూజా సెట్లు ఉన్నవాళ్లు కూడా ఆ బాడీప్యాక్‌ని షాపుకి పట్టుకెళ్లి గుచ్చి, గొంతు విని కొనండి.

బాడీప్యాక్ లేకుండా నేరుగా మిక్సర్‌కి వైరుతో పెట్టుకోవాలంటే ఫాంటమ్ పవర్ అడాప్టర్ కావాలి. మిక్సర్ ఇచ్చేది 48 వోల్టులు, మైక్ తలలో శబ్దాన్ని పట్టే ఈ చిన్న క్యాప్సూల్‌కి కావాల్సింది కొన్ని వోల్టులే, ఆ తగ్గించే పని అడాప్టర్ చేస్తుంది. మధ్యలో అది లేకుండా పిన్ మార్చి నేరుగా గుచ్చే ప్రయోగం చేయకండి.

నాలుగో అడుగు: గొంతు విప్పి పాడి చూడండి

మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉండే గొంతు, నోటికి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర లెక్క ప్రకారం 92 అవుతుంది. పద్యం చివర రాగం ఎత్తుకున్నప్పుడు మీటరు దూరంలోనే 90 దాటుతుంది, అంటే మైక్ దగ్గర 120 పైమాటే. మాటల కోసం తయారుచేసిన చవక క్యాప్సూల్స్‌లో గొంతు ఇక్కడే చిట్లి గరగరలాడుతుంది. బాక్సు మీద ‘మ్యాక్సిమమ్ ఎస్‌పీఎల్’ అని, అంటే మైక్ తట్టుకోగల గరిష్ఠ శబ్దం ఎన్ని డెసిబెల్సో, ఒక అంకె రాసి ఉంటుంది. పద్యాలకి, పాటకి 130 కంటే తక్కువున్నది తీసుకోకండి. డీపీఏ 4066 లాంటివి 140 పైన కూడా తట్టుకుంటాయి. కంట్రీమ్యాన్ ఈ6 మైక్‌ని మాటకి వేరు, బలమైన గొంతుకి వేరు సెన్సిటివిటీతో (ఎంత మెల్లటి శబ్దాన్ని పట్టుకుంటుందనే గుణం) అమ్ముతారు, గొంతునిబట్టి ఎంచుకోవచ్చు. మెల్లగా మాట్లాడేవాళ్లు బలమైన గొంతుకి తయారైన దాన్ని కొంటే గొంతుతో పాటు ‘స్‌స్’ అనే హిస్ కూడా పెరుగుతుంది. ఎక్కువ తట్టుకునేదే అందరికీ మంచిదని అనుకోవద్దు.

గొంతు చిట్లుతున్నప్పుడు తప్పు ఎవరిదో తెలుసుకోవడం తేలికే. బాడీప్యాక్‌లో గెయిన్ తగ్గించి అదే గట్టిగా మళ్లీ పాడండి. శుభ్రపడితే బాడీప్యాక్ నిండిపోయింది, అంతే. తగ్గించినా చిట్లడం పోకపోతే క్యాప్సూలే ఓర్చుకోలేకపోతోంది, దాన్ని మార్చాల్సిందే.

ఒత్తులతో పరీక్ష

షాపులో మనవాళ్లు చేసే టెస్టింగ్ అంతా ‘హలో, వన్, టూ, త్రీ’ అనడమే. అందులో మైక్‌కి కష్టం కలిగించే అక్షరం ఒక్కటీ సరిగ్గా లేదు. ఇంట్లో మాట్లాడేటప్పుడు మనం ఒత్తులు చాలావరకు మింగేస్తాం, కానీ పద్యంలో, ప్రవచనంలో, వార్తల్లో ఖ, ఘ, ఛ, ధ, ఫ, భ అన్నీ నిండుగా పలుకుతాం, ప్రతి ఒత్తుకీ నోట్లోంచి ఊపిరి ముద్దగా బయటికొస్తుంది. కాబట్టి తెలుగు గొంతుని తెలుగుతోనే పరీక్షించాలి. ‘భీముడి భుజబలం, ఫల్గుణుడి ధనుర్విద్య, ఖడ్గం, ఘటం, ఛత్రం’ అని ఆవేశంగా పలకండి. దుబ్బు దుబ్బుమంటే మైక్ నోటికి మరీ ముందుకొచ్చింది. ఊపిరి నోటి నుంచి తిన్నగా ముందుకే దూసుకెళుతుంది, కాబట్టి మైక్‌ని చెంప మీదుగా ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే చాలు, సగం దెబ్బలు తప్పుతాయి. ఆ తర్వాతే స్పాంజి సంగతి. చాలామంది ముందే లావుపాటి స్పాంజి తొడిగేస్తారు, దాంతో పాటు గొంతులో మెరుపూ పోతుంది.

తర్వాత ‘శేషశయనుడు, సుస్వర సరస్వతి, విశేష సందేశం’ లాంటి మాటలు. ఇవి చెవిని కోస్తున్నట్టుంటే ఆ మైక్‌లో పై స్థాయి (ట్రెబుల్) ఎక్కువ పెంచి ఉంది. నోటి పక్కకి పై స్థాయి తక్కువగా వస్తుంది కాబట్టి హెడ్ మైకుల్లో దాన్ని కావాలనే కొంచెం పెంచుతారు. కొంచెం ఉండాలి కూడా, లేకపోతే మాట స్పష్టంగా ఉండదు. చెవికి నొప్పి పుట్టేంత ఉంటే మాత్రం వద్దనండి. చివరగా ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చి వదలండి. ఆ గాలి వినిపిస్తే మైక్ పైపెదవి మట్టంలో ఉందన్నమాట, కింది పెదవి మట్టానికి దించండి.

వీలైతే ఈ టెస్టు రికార్డ్ చేసుకుని, బయటికొచ్చి హెడ్‌ఫోన్లలో వినండి. షాపులో మీ గొంతు మీకు లోపలి నుంచి కూడా వినిపిస్తుంటుంది కాబట్టి తీర్పు తప్పే అవకాశం ఎక్కువ.

వైర్‌లెస్ సెట్టు కూడా కొంటుంటే

2.4 గిగాహెర్ట్జ్ సెట్లు చవక, మన దేశంలో లైసెన్స్ గొడవ లేదు, చిన్న హాలుకి, క్లాసుకి చాలు. అయితే అదే గాలిలో వైఫై, బ్లూటూత్ కూడా ఉంటాయి, వెయ్యి మంది ఫోన్లు జేబులో పెట్టుకుని కూర్చున్న ఫంక్షన్ హాల్లో మాట తెగే ప్రమాదం ఉంది. పెద్ద సభలకి వేరే ఫ్రీక్వెన్సీల్లో నడిచే యూహెచ్‌ఎఫ్ సెట్టే నయం. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఫ్రీక్వెన్సీ చూసి కొనండి. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ స్పెక్ట్రమ్‌ని 2022 వేలంలో జియో కొనుక్కుని 5జీకి వాడుతోంది, ఆ బ్యాండ్‌లో పనిచేసే పాత మైక్ సెట్టు ఎంత చవకగా వచ్చినా తలనొప్పే. అమెరికాలో తెలుగు సంఘాల ప్రోగ్రాములకి వెళ్లే కళాకారులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అక్కడ వైర్‌లెస్ మైకులకి 700 బ్యాండ్‌ని 2010 జూన్‌లో, 600 బ్యాండ్‌లో చాలా భాగాన్ని 2020 జూలైలో మూసేశారు. ఇక్కడి సెట్టు అక్కడికి మోసుకెళ్లకండి, హెడ్ మైక్ మాత్రం మీదే తీసుకెళ్లి, అక్కడి బాడీప్యాక్ ఏదో ముందే కనుక్కుని దానికి అడాప్టర్ సిద్ధం చేసుకోండి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌ని మైక్ సెట్టుకి కలిపి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. గొంతు ఆలస్యంగా వస్తుంది, మీ మాట మీకే వెనక నుంచి వినిపిస్తే వాక్యం పూర్తిచేయలేరు.

ఇప్పుడు కంపెనీలు

పాఠం చెప్పే టీచర్లకి నడుముకి కట్టుకునే చిన్న స్పీకర్‌తో పాటు వచ్చే వైరు హెడ్ మైక్ చాలు. రోజుకి ఆరు గంటలు అరిచి గొంతు పాడుచేసుకోవడం కంటే అది వెయ్యి రెట్లు మేలు, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఎక్సర్‌సైజ్ క్లాసులకి డైనమిక్ రకం చూడండి, షూర్ డబ్ల్యూహెచ్20, ఆడియో టెక్నికా ప్రో 8హెచ్‌ఈ లాంటివి. లావుగా ఉంటాయి, కానీ చెమటకి అంత తేలిగ్గా చావవు, వాటికి వోల్టేజి కూడా అక్కర్లేదు. మధ్యస్థ ధరలో స్టేజీకి కార్డియాయిడ్ కావాలంటే షూర్ ఎస్‌ఎం35, సెన్‌హైజర్ ఎంఈ3, ఏకేజీ సీ520 నమ్మకమైనవి, మూడూ రెండు చెవులవే. మాట సహజంగా, మైక్ కనబడకుండా ఉండాలంటే కంట్రీమ్యాన్ ఈ6, డీపీఏ 4066, సెన్‌హైజర్ హెచ్‌ఎస్‌పీ2 తరగతిలోకి వెళ్లాలి, అక్కడ ఖర్చు బాగా పెరుగుతుంది. నెలకి పదిహేను ప్రోగ్రాములు చేసే హరిదాసుకి ఆ ఖర్చు అర్థవంతం, ఏడాదికి రెండు నాటకాలు వేసే సంఘానికి అద్దెకి తెచ్చుకోవడమే మేలు. ఒకే ధరలో రెండు మోడళ్ల మధ్య ఊగిసలాడుతుంటే కేబుల్ ఊడదీసి మార్చుకోగలిగేదాన్ని ఎంచుకోండి. హెడ్ మైక్‌లో ముందుగా పోయేది కేబులే, అదీ పిన్ దగ్గరో, చెవి దగ్గరో.

స్టేజీ ఎక్కేముందు

మైక్ తల నోటి మూలకి రెండు మూడు సెంటీమీటర్ల వెనక, చెంపకి తగలకుండా కొన్ని మిల్లీమీటర్ల ఎడంగా ఉండాలి. మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపు చిన్న ముక్క చెంప మీద, ఇంకోటి మెడ వెనక. మేకప్ వేశాక టేపు అంటదు, ముందే వేసుకోండి. మెడ వెనక కేబుల్‌ని కొంచెం వదులుగా ఉంచండి, తల వంచినప్పుడు లాగకుండా. బాడీప్యాక్ యాంటెన్నాని మడిచి పంచె ముడిలో దోపకండి, తడి ఒంటికి ఆనుకుంటే సిగ్నల్‌ని ఒళ్లే మింగేస్తుంది.

సౌండ్ ఆపరేటర్‌తో కలిసి కథలో అన్నిటికంటే గట్టిగా వచ్చే ఘట్టం పాడి బాడీప్యాక్ గెయిన్ సరిచేయండి, మెల్లటి మాటలతో కాదు. మిక్సర్‌లో 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది శబ్దాల్ని తగ్గించే బటన్) నొక్కమనండి, గజ్జెల అదురు, స్టేజీ చెక్కల దడదడ చాలావరకు పోతాయి. కృష్ణుడు, అర్జునుడు పక్కపక్కన నిలబడి రెండు ఓమ్నీ మైకులూ తెరిచి ఉంటే ఒకరి గొంతు ఇద్దరి మైకుల్లోకీ వెళ్లి డొల్లగా వినిపిస్తుంది. పద్యం ఎవరిదో వాళ్ల ఫేడరే పైన ఉండాలి, రెండోది కిందికి. అందుకే నాటకం ప్రతిని ఆపరేటర్ చేతిలో పెట్టి, ఎవరి పద్యం ఎప్పుడో గుర్తులు పెట్టి ఇవ్వండి. ఎన్ని వైర్‌లెస్ సెట్లు వాడుతున్నారో అన్నీ ఒకేసారి ఆన్ చేసి, రెండు నిమిషాలు అలాగే ఉంచి చూడండి, విడివిడిగా బాగున్నవి కలిస్తే గొడవపడొచ్చు. బ్యాటరీలు ప్రతి ప్రోగ్రాంకీ కొత్తవే, నిన్నటివి టార్చిలైట్‌కి వాడుకోండి.

చెమట, శుభ్రత, నిల్వ

మే నెలలో రాజమండ్రిలోనో ఖమ్మంలోనో రాత్రి హరికథ అంటే చెమట బూమ్ వెంట జారి తిన్నగా క్యాప్సూల్‌లోకి దిగుతుంది. గొంతు ఉన్నట్టుండి దూరంగా, దుప్పట్లోంచి వచ్చినట్టు వినిపిస్తే కారణం ఇదే. బూమ్ చివర, మైక్ తలకి కొంచెం ముందు, సన్నటి టేపు ముక్కని రింగులా చుడితే చెమట చుక్క అక్కడ ఆగి కింద పడిపోతుంది, కార్డియాయిడ్ అయితే వెనక రంధ్రాలకి అది తగలకుండా చూసుకోండి. విరామంలో మైక్ తలని మెత్తటి పొడి గుడ్డతో అద్దండి, నోటితో ఊదకండి. బాడీప్యాక్‌ని చిన్న జిప్ కవర్లో పెట్టి కడితే లోపలికి తడి వెళ్లదు.

ప్రోగ్రాం అయ్యాక చట్రాన్ని స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి, స్పిరిట్ క్యాప్సూల్‌కి తగలనివ్వద్దు. స్పాంజి తీసి సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరాక తొడగండి, ఒకే మైక్ నలుగురు వాడే ట్రూపులో స్పాంజి మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. కేబుల్‌ని బాడీప్యాక్ చుట్టూ బిగించి చుట్టకండి, వదులు చుట్టగా పెట్టి, మైక్‌తో పాటు వచ్చిన డబ్బాలోనే, ఒక సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. ఆ డబ్బాలోనే ఒక స్పేర్ కేబుల్, రెండు స్పాంజిలు, టేపు చుట్ట, నాలుగు కొత్త బ్యాటరీలు కూడా ఉండాలి. ఎంత మంచి హెడ్ మైక్ ఉన్నా స్టేజీ పక్కన స్విచ్ వేసి, సౌండ్ చూసి పెట్టిన చేతి మైక్ ఒకటి సిద్ధంగా ఉంచమని ఆపరేటర్‌కి ముందే చెప్పండి.